డిసెంబరు దాటని అరిసెలు

డోర్నకల్,
10 నవంబరు 2025

మరియమ్మ వదినకు,

శామ్యూల్ నమస్కారాలు. ఫోన్లో మీకు మాట వినబడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

సౌందర్య క్రిస్మస్‌కు రావచ్చు. వస్తానని అనలేదు. "చూస్తం బాపూ" అంది. వాళ్ళ అమ్మను మట్టి చేసి వెళ్ళాక నా కూతురు ఈ ఇంటి గడప తొక్కలేదు. మనవణ్ణి నేనే టేకుమట్ల వెళ్ళి రెండుసార్లు చూసి వచ్చాను. రెండుసార్లూ అల్లుడు డేవిడే మాట్లాడాడు. తను టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది.

ఈసారి వస్తే ఇంట్లో పండుగ ఉండాలి. బేకరీ కేకు కొంటే సరిపోదు. వనజ చేసినవన్నీ ఉండాలి. అరిసెలు, గరిజెలు, గులాబీ పూలు. పండుగ రోజు బగారన్నం, మటన్. మిగిలిన మాంసంతో వట్టి తునకలు. ముప్పై నాలుగేళ్ళు తిన్నాను. ఎలా చేస్తుందో ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

కొలతలు రాసి పంపండి. కిలో బియ్యానికి బెల్లం ఎంత, పాకం ఎన్ని నిమిషాలు, నూనె ఎంత. రైల్వేలో గుమస్తాగా చేసినవాణ్ణి. కాగితం మీద ఉంటే చేయగలను.

మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఇక్కడ పొద్దున మంచు మొదలైంది.

శామ్యూల్


కొడకండ్ల,
16 నవంబరు

మరిదికి మరియమ్మ వందనాలు చెప్పి రాసేది.

పోస్టాయన కవరు చేతుల పెడితే విప్పకముందే ప్రార్థన చేసుకున్న. ఈ కాలంల ఉత్తరమంటే ఎవరో పోయిన్రనే కదా. విప్పి చూస్తే అరిసెల కొలతలు. ముందు నవ్విన. తర్వాత చాన సేపు ఏడ్చిన.

పాకానికి నిమిషాలు అడుగుతవా. అదేమన్న నీ రైలా, టైముకు వచ్చి టైముకు పోవడానికి. బియ్యం ఒక పగలు, ఒక రాత్రి నానాలె. వార్చి బట్ట మీద ఆరేసి, తడి ఉండంగనే గిర్నిల పట్టియ్యి. కిలోకు ముప్పావు కిలో బెల్లం. పాకం చుక్క నీళ్ళ గిన్నెల ఎయ్యి. వేలుతోని దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలె. కరిగితే ఇంకా కాలేదు. టక్కుమని మోగితే మించిపోయింది, ఇగ దాంట్ల పల్లీలేసి పట్టీ చేసుకో.

గులాబీ పూల అచ్చు ముందు నూనెల కాగాలె. సల్లటి అచ్చు పిండిల ముంచితే పువ్వు ఊడదు. గరిజెల లోపటికి పుట్నాల పొడి, ఎండుకొబ్బరి, చక్కెర, యాలకులు. అంచు మడవడం నీతోని కాదు. తండాల ఉన్న చంద్రిని పిలువు, మీ ఇంట్ల పనికొచ్చినన్ని ఏండ్లు మా వనజ పక్కన కూసోని అన్నీ నేర్చింది. తునకలకు మాంసం వేలంత పొడుగు కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టిచ్చి, దారానికి గుచ్చి దండెం మీద ఎండెయ్యి. నాలుగెండలు. కాకులు రాకుండ దాని కాడ కూసో. పెన్షన్ తీసుకునుడు తప్ప నీకు వేరే పనేమున్నది.

ఇప్పుడు ఒక మాట అడుగుత. కోపం చెయ్యకు. పోయిన ఏడు మా చెల్లె చేసినవన్నీ ఏమైనయి? ప్రతి ఏడు పండుగ ఎల్లినంక నాకు ఒక డబ్బా వచ్చేది. మట్టి చేసిన తెల్లారి వంటింట్లకు పోతే డబ్బాలు కడిగి బోర్లిచ్చి ఉన్నయి. దండెం ఖాళీ. సౌందర్య ఆ నిండు కడుపుతోని నేల మీద కూసోని ఏడుస్తున్నది. ఏమైంది బిడ్డా అంటే కాగితం మీద రాసి చూపిచ్చింది. "అమ్మ చేతి అరిసె ఒక్కటి కూడ ఉంచలే, పెద్దమ్మా. ఊరంత పంచిండు." నువ్వు కిటికీల నుంచి బయటికి చూసుకుంట నిలబడ్డవు.

ఆ పిల్ల అందుకే వస్తలేదు. నాకు కూడ ఇప్పటిదాక మనసుల ఉన్నది. కన్నబిడ్డకు లేదు, తోడబుట్టినదానికి లేదు, ఊర్లోళ్ళకు ఉన్నది. ఎందుకట్ల చేసినవు? రెండు ముక్కలు రాసి ఊకోకు.

నీ వదినె మరియమ్మ


డోర్నకల్,
22 నవంబరు

వదినా,

పంచింది నేనే. పంచమన్నది వనజ.

మహబూబాబాద్ దవాఖానలో రెండో రోజు, డిసెంబరు 28 మధ్యాహ్నం. ఊపిరి అందక ఆగి ఆగి మాట్లాడింది. "ఇంట్ల రెండు డబ్బాల అరిసెలున్నయి. గరిజెలున్నయి. దండెం మీది తునకలు రేపటికి ఎండుతయి. మనింట్ల మిగిలింది ఏడాది దాటొద్దు. పంచెయ్యి." మీ అమ్మగారి నుంచి మీ ఇద్దరికీ వచ్చిన పద్ధతే కదా. క్రిస్మస్‌లో మిగిలినది డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధనకు వెళ్ళేలోపు ఇంట్లో ఉండకూడదు. పండుగను దాచుకుంటే పాచిపోతుందనేది వనజ. మీ డబ్బా కూడా ఆ పంపకంలోదే. ఎవరికి ఏది ఇవ్వాలో చెప్పేలోపు నర్సు వచ్చింది. సాయంత్రానికి మాట పోయింది. 29 తెల్లవారుజామున మనిషి పోయింది.

మట్టి చేసిన తెల్లారి నా తలలో ఆ మాట తప్ప ఇంకేమీ లేదు. సోమ్లాను, అతని భార్య చంద్రిని పిలిచి తండాకు సగం పంపాను. గొయ్యి తవ్వినవాళ్ళకు, పాస్టరుగారింటికి మిగతా సగం. మీరూ సౌందర్యా పక్క గదిలో పడుకుని ఉన్నారు. మీకు ఉంచాలని తట్టలేదు. అంతే జరిగింది.

పాకం రెండుసార్లు చెడింది. రెండోసారి వాటిని సోమ్లా కొరికి చూసి, "సారూ, గివి పట్టాల కింద కంకరకు పనికొస్తయి" అన్నాడు. చంద్రి అతని చేతిలోది లాక్కుంది. "నీ పండ్లు మంచిగ లేక సారును అంటవా. పారెయ్యకుండ్రి సారూ. ఆవిరి మీద పెట్టి తుంచి పాలల్ల ఎయ్యిండ్రి, పాయసం అయితది. అమ్మ గట్లనే చేసేది." అలాగే చేశాను. ముగ్గురం తిన్నాం.

సౌందర్య నుంచి ఇంకా కబురు లేదు.

శామ్యూల్


కొడకండ్ల,
27 నవంబరు

మరిదీ,

నీ ఉత్తరం మూడు మాట్ల చదివిన. ఇంత మాట పదకొండు నెలలు కడుపుల పెట్టుకుని ఎట్ల తిరిగినవయ్యా. బిడ్డ నేల మీద కూసోని ఏడుస్తుంటే "మీ అమ్మనే చెప్పింది" అని ఒక్క ముక్క అనరాదా. మాటలేం అయిపోవు కదా. నీతోని మా వనజ ముప్పై నాలుగేండ్లు ఎట్ల ఏగిందో దేవునికే ఎరుక. ఉప్పు తక్కువైందని చెప్పడానికి కూడ నీకు మూడు రోజులు పట్టేదట, నవ్వుకుంట చెప్పేది.

నువ్వు మాట్లాడవు కాబట్టి నేను మాట్లాడిన. ఆ పొద్దే సౌందర్యకు రాసిన. మీ అమ్మ దవాఖానల రెండో రోజు మధ్యాహ్నం మంచి తెలివితోని ఉన్నది, తన నోటితోనే మీ బాపుకు చెప్పింది, మిగిలినవన్ని పంచుమన్నది, ఆయన ఆమె మాట చేసిండు, నువ్వు ఇగ కోపం పెట్టుకోకు బిడ్డా, పిల్లగాన్ని తీసుకుని పండుగకు పో, అని మొత్తం రాసిన. స్పీడు పోస్టుల ఏపిచ్చిన.

ఇగ చూడు, ఉరుక్కుంట వస్తది.

అరిసెలు గట్టిగ అయినయంటే పిండి తడి ఆరింది. గిర్ని నుంచి తెచ్చినంక చేటల పెట్టి ముచ్చట్లు చెప్పుకుంట కూసోకు, వెంటనే పాకంల కలుపు. నాకు ఈసారి తునకలు పంపు. పండ్లు లేవు కానీ చప్పరిస్త.

మరియమ్మ


డోర్నకల్,
2 డిసెంబరు

వదినా,

మీ ఉత్తరం ఇప్పుడే అందింది. మీరు సౌందర్యకు రాసినది అందకుండా ఆపే వీలుంటే ఆపండి. అంది ఉంటే ఆమె ఏమన్నదో వెంటనే తెలియజేయండి.

నేను ఆమెకు అప్పుడు వేరే మాట చెప్పాను. అది మీకు రాయలేదు. నా పొరపాటు.

శామ్యూల్


కొడకండ్ల,
8 డిసెంబరు

మరిదీ,

ఎందుకంత పరేషాన్ అయితవు. ఉత్తరం ముట్టింది. మొన్న డేవిడ్ మా పక్కింటి జమునకు ఫోన్ చేసిండు. ఆమె పలక మీద రాసి చూపిచ్చింది. "సౌందర్య 24 పొద్దున డోర్నకల్ వస్తది. టికెట్ తీసినం." పలక చెరపొద్దన్న. పొద్దుగూకేదాక దాన్నే చూసుకుంట కూసున్న.

పిల్లతోని వేరే మాట అన్నవట. ఏ మాటనో రాయలే. కోపంల ఏదన్న అని ఉంటవు. ఇంట్ల మనిషి పోయిననాడు ఎవరి నోరు సక్కగ ఉంటది. మా ఆయన పోయిననాడు నేను మా అత్తను ఏమేమన్ననో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గయితది. ఆ పిల్ల అదంత మరిచిపోయింది, లేకుంటే టికెట్ ఎందుకు తీస్తది.

పిల్లగానికి పదకొండో నెల. అరిసె పాలల్ల నానబెట్టి వేలుతోని నలిపి పెట్టు. కారం తగలనియ్యకు. మటన్ రెండు కిలోలు తక్కువ తేకు, మిగలకపోతే పండుగే కాదు.

సంతోషంగ ఉండు జర.

మరియమ్మ


డోర్నకల్,
18 డిసెంబరు

వదినా,

కోపంలో అన్న మాట కాదు.

వనజను దవాఖానలో చేర్చినప్పటి నుంచి తెలివి లేదని సౌందర్యకు చెప్పాను. వచ్చినా నిన్ను గుర్తుపట్టేది కాదు, రాలేకపోయానని బాధపడకు అన్నాను. శవం పక్కన కూర్చుని చెప్పాను. మీరూ అక్కడే ఉన్నారు. మీకు వినబడలేదు.

అప్పుడు సౌందర్యకు ఎనిమిదో నెల. మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. 27న వనజను తీసుకుపోయేటప్పుడు ఆటోలో ఆమే అన్నది, "దానికి చెప్పకు, బస్సులల్ల పడి వస్తది" అని. అందుకని కొంచెం జ్వరమని మాత్రమే ఫోన్లో చెప్పాను. తర్వాత ఆ అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది. పంచమన్నది అమ్మే అని చెబితే అమ్మ మాట్లాడిందని చెప్పినట్టే. అందుకే ఆ రోజు కిటికీ వైపు చూశాను.

మీ ఉత్తరం చదివాక ఆమెకు ఇదంతా అర్థమై ఉంటుంది. అయినా వస్తానంది. ఎందుకు వస్తున్నదో నాకు తెలియదు. క్షమించడానికని ఒకసారి, నిలదీయడానికని ఒకసారి అనుకుంటున్నాను.

అరిసెలు ఈసారి కుదిరాయి. ఒకటి విరిచి చంద్రికి ఇస్తే నోట్లో పెట్టుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడింది. గరిజెలు నూట ఇరవై. గులాబీ పూలు మొదటి పది విరిగాయి. మిగతావి బాగున్నాయి. స్టేషన్ వైపు దుకాణంలో బాబుకు ఎర్ర స్వెటర్ కొన్నాను. కొలత తెలియక రెండేళ్ళ పిల్లలది తీసుకున్నాను.

శామ్యూల్


డోర్నకల్,
27 డిసెంబరు

వదినా,

మీరు కబురు కోసం చూస్తుంటారు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

24 ఉదయం పదిన్నరకు సౌందర్య వచ్చింది. ఒక్కతే. చంద్రి గేటు దాకా పరుగెత్తింది.

"బాబేడి బిడ్డా?"

"ఇంటికాడ."

లోపలికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. చంద్రి పళ్ళెంలో అరిసెలు, పూలు పెట్టి తెచ్చింది.

"ఎవరు చేసిన్రు?"

"సారే చేసిండు. నెల దినాల సంది ఇదే పని. చెయ్యి కాలింది చూడు."

పళ్ళెం అందుకుని బల్ల మీద పెట్టింది. నా వైపు తిరిగింది.

"అమ్మకు తెలివి ఉండెనా, బాపూ?"

"ఉండె."

"ఎన్ని రోజులు?"

"ఇరవై ఏడో తారీకు నుంచి ఇరవై ఎనిమిది సాయంత్రం దాక."

"నన్ను అడిగిందా?"

లేదని చెప్పి ఉండవచ్చు. ఆమె నమ్మకపోయినా, నమ్మినట్టు ఉండి భోజనం చేసి వెళ్ళేదేమో. అడిగిందని చెప్పాను. మొదటి రోజు నీకు చెప్పొద్దన్నది, రెండో రోజు పిలువుమన్నది అన్నాను.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"నువ్వేమన్నవు?"

"బయలుదేరింది, వస్తున్నది అన్న."

మీకు కూడా ఇది రాయలేదు. ఎవరికీ చెప్పలేదు. మొదటిసారి అన్నప్పుడు వనజ నవ్వింది. రెండోసారి, "ఎంత దూరం వచ్చింది?" అని అడిగింది. పరకాల దాటింది అన్నాను. మూడోసారి కళ్ళతో తలుపు చూపించింది.

సౌందర్య ఏడవలేదు. "అయితే నా తొవ్వ చూసుకుంట పోయింది" అన్నది. అవునన్నాను. సంచీ భుజానికి వేసుకుంది. చంద్రి అడ్డం నిలబడి, "మంచినీళ్ళన్న తాగి పో బిడ్డా, పండుగ పూట" అంటే ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది. మెల్లగానే జరిపింది.

నేను వెనకాలే స్టేషన్‌కు వెళ్ళాను. వరంగల్ వైపు బండికి గంటన్నర ఉంది. ఆమె కూర్చున్న బెంచీ మీద ఈ చివర కూర్చున్నాను. లేచి ఇంకో బెంచీ మీదకు వెళ్ళింది. నేను మళ్ళీ దగ్గరికి వెళ్ళలేదు. బండి ఎక్కేటప్పుడు ఇటు చూడలేదు.

ఎందుకు పిలవలేదని మీరూ అడుగుతారు. కడుపులో బిడ్డ ఉందని అందరికీ చెప్పుకోవచ్చు. ఆ మధ్యాహ్నం నేను అది ఆలోచించలేదు. డాక్టరు సాయంత్రం దాకా చూద్దామన్నాడు. నేనూ సాయంత్రం దాకా చూద్దామనుకున్నాను. తగ్గుతుందనుకున్నాను. కారు మాట్లాడి పంపితే టేకుమట్ల నుంచి నాలుగు గంటలు. సమయం ఉండింది.

మీ ఉత్తరం వల్లే ఇలా అయిందా అని మీరు కుములుతారు. మీ మనసు కుదుటపడాలని "కాదు" అని రాయలేను. ఆ ఉత్తరం లేకపోతే ఆమె బాబుతో వచ్చి పండుగ చేసుకుని పోయేది. కానీ దాచింది మీరు కాదు. నేను ఇది కూడా మొదటే రాసి ఉంటే మీరు ఆ ఉత్తరం రాసేవారు కాదు.

పండుగనాడు గుడికి వెళ్ళాను. మటన్ మూడు కిలోలు తెప్పించాను, పదిమందికి బగారన్నం వండాను. సోమ్లా కుటుంబం తిన్నది. మిగిలిన అన్నం ఆ పూటే తండాకు వెళ్ళింది. పచ్చి మాంసం మిగిలినది కోసి ఎండేశాను. అరిసెలు, గరిజెలు ఈరోజు పొద్దున చంద్రి తీసుకుపోయి ఇల్లిల్లూ తిరిగి పంచింది. మీ వాటా బస్సు పార్సిల్‌లో వేశాను. సౌందర్య వాటా కూడా కట్టాను. చిరునామా రాశాక విప్పి అందరి వాటాల్లో కలిపేశాను.

శామ్యూల్


కొడకండ్ల,
2 జనవరి 2026

మరిదీ,

పార్సిల్ ముట్టింది. పండుగ మిగులు ఏడాది దాటినంకనే ముట్టింది. మూత తియ్యలే.

నా చేతులు ఇరగ. ఎందుకు రాసిన ఆ ఉత్తరం. మంచి చేస్తున్న అనుకున్న. రాసేటప్పుడు పాట పాడుకుంట రాసిన. వినపడనిదాన్ని వినపడనట్టు ఒక మూలకు ఉండక నాకెందుకు ఆ పెత్తనం.

మా చెల్లె తలుపు దిక్కు చూసిందని రాసినవు కదా, అది నువ్వు రాయకుంటే బాగుండు. రెండు రాత్రుల సంది నేను కూడ తలుపే చూస్తున్న. నిన్ను తిట్టాలని కాగితం తీసిన. ఏం తిట్టాలె. నువ్వు తిన్నవో లేదో అడుగుదామన్నా చెయ్యి వస్తలేదు.

ఇంకొకటి ఉన్నది. దాచను. దాచుకునే గిట్లయినం. సౌందర్య కార్డు పంపింది. ఇరవై ఆరున పిల్లగాని మొదటి పుట్టినరోజు, ప్రార్థన కూడిక, భోజనాలు. "పెద్దమ్మా నువ్వు తప్పక రావాలె" అని ఉన్నది. కింద చిన్నగ, "బాపుకు చెప్పకు" అని రాసింది.

నువ్వు లేకుండ నేను ఆ ఇంట్ల ముద్ద ఎట్ల మింగాలె. పోవాల్నా వద్దా? నువ్వు కూడ వస్తనంటే ఇద్దరం పోదాం. గుమ్మం కాడ నిలబడదాం. గెంటేస్తే గెంటేస్తది.

మరియమ్మ


డోర్నకల్,
7 జనవరి

వదినా,

మీరు వెళ్ళండి. వాళ్ళ అమ్మ వైపు నుంచి మీరొక్కరే మిగిలారు. మీరు లేకపోతే ఆ కూడికలో పిల్లవాడిని ఎత్తుకోవడానికి పెద్దవాళ్ళు ఉండరు.

నేను రాను. గుమ్మం దగ్గర నిలబడితే పదిమందిలో ఆమె నన్ను లోపలికి పిలవాల్సి వస్తుంది. పెట్టాల్సి వస్తుంది. బలవంతంగా పెట్టించుకుని తినడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ తినకుండా పోవడానికి ఆమెకు ఎంత కారణం ఉందో పెట్టకుండా ఉండటానికీ అంతే ఉంది.

కొడకండ్ల నుంచి జనగామకు పొద్దున బస్సు పట్టుకోండి. అక్కడ వరంగల్ బస్సు, వరంగల్‌లో పరకాల మీదుగా వెళ్ళేది. జమునను వెంట తీసుకెళ్ళండి. కండక్టరు మాట మీకు వినబడదు. మూత తీయని డబ్బా అక్కడికి తీసుకెళ్ళకండి. అందులో ఏముందో, ఎవరు చేశారో చెప్పాల్సి వస్తుంది.

నా సంగతి మీరుగా ఎత్తకండి. బాగున్నాడని చెప్పకండి, బాగా లేడనీ చెప్పకండి. ఆమె అడిగితే మాత్రం, అడిగినంత వరకు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇప్పుడు మీకు తెలియనిది ఏదీ లేదు.

ఆమె అడగదు.

శామ్యూల్